రాయి దొరికేది పొలంలో, చదివేది ల్యాబ్‌లో: ఉల్కాశిలల పరిశోధనకు జనంతో పనేమిటి?

క్లుప్తంగా: ఆకాశం నుంచి రాలిన రాళ్లను పరిశోధించే యూనివర్సిటీ కేంద్రాలు జనంలోకి ఎందుకు వెళ్తాయి? ఉపన్యాసాలు, ప్రదర్శనలు, బడి పిల్లల సందర్శనలు పేరు కోసం చేసే సేవలా కనిపిస్తాయి. ఈ రంగంలో మాత్రం పరిశోధనకు కావాల్సిన ముడిసరుకు చాలావరకు ఆ దారిలోనే వస్తుంది. అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ కేంద్రం ఇందుకు మంచి ఉదాహరణ. అయితే తలుపు పూర్తిగా తెరిస్తే మామూలు రాళ్లు కుప్పలుగా వచ్చి పడతాయి, మూసేస్తే అసలు రాయి చేజారుతుంది. ఈ చిక్కు ఎక్కడ పుట్టింది, భారత్‌లో పరిస్థితి ఎలా ఉంది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

'భూమి కంటే పాత రాయి' వార్త వెనక

2025 జూన్ 26న పట్టపగలు అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల మీద ఒక అగ్నిగోళం మెరిసింది. దాని ముక్క ఒకటి అట్లాంటాకు దగ్గర్లోని మెక్‌డొనాలో ఒక ఇంటి పైకప్పును చీల్చుకుని లోపలికొచ్చి, గచ్చుకు గుంట పెట్టి ఆగింది. అక్కడ దొరికిన సుమారు 50 గ్రాముల ముక్కల్లో 23 గ్రాములు జార్జియా యూనివర్సిటీకి చేరాయి. ఆగస్టులో ఆ యూనివర్సిటీ వివరాలు చెప్పగానే 'భూమి కంటే 2 కోట్ల ఏళ్లు పాత రాయి' అనే శీర్షిక ప్రపంచమంతా తిరిగింది. తెలుగు సైట్లలో, వాట్సాప్ గ్రూపుల్లో కూడా అదే చక్కర్లు కొట్టింది.

శీర్షిక తప్పేమీ కాదు. కానీ చదివినవారికి అదొక్కటే అంత పాత రాయి అన్న భావం కలుగుతుంది. నిజానికి భూమ్మీద రాలే ఉల్కాశిలల్లో అత్యధికం 'కాండ్రైట్' అనే రకం. వాటన్నింటి వయసూ ఇంచుమించు అంతే, సుమారు 456 కోట్ల ఏళ్లు. సౌరమండలం ఏర్పడిన తొలి రోజుల్లో ధూళి కణాలు కరిగి, చల్లబడి, చిన్న చిన్న గుండ్రటి గుళికలుగా మారి అతుక్కున్నాయి. ఆ అతుకులే కాండ్రైట్లు. భూమి లాంటి పెద్ద గ్రహం పూర్తిగా తయారవడానికి మరికొన్ని కోట్ల ఏళ్లు పట్టింది. కాబట్టి మ్యూజియంలో అద్దం వెనక ఉన్న ఏ మామూలు కాండ్రైట్ అయినా భూమి కంటే పాతదే.

ఆ వార్తలో అంతకంటే ఆసక్తికరమైన సంగతి ఇంకొకటుంది. ఇంట్లో పడిన రాయి ల్యాబ్‌కు ఎలా చేరింది? పైకప్పుకు చిల్లు పడితే చాలామంది ముందు ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేస్తారు. ముక్కల్ని ఏరి, జాగ్రత్తగా దాచి, యూనివర్సిటీని పిలవాలంటే అది ఉల్కాశిల కావచ్చని, దానితో ఒకరికి పని ఉంటుందని ముందే తెలిసి ఉండాలి. ఆ తెలివిడి ఊరికే రాదు.

కాన్సాస్ పొలాల నుంచి అరిజోనా దాకా

ఈ రంగంలో పరిశోధన, ప్రజా ప్రచారం ఎంతగా పెనవేసుకున్నాయో చెప్పడానికి 19వ శతాబ్దపు కాన్సాస్ పనికొస్తుంది. ఎలైజా కింబర్లీ అనే రైతు మహిళ తమ పొలంలో నాగలికి తగిలే నల్లటి బరువైన రాళ్లను ఏరి కుప్ప పెట్టడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు బడిలో ఆమె ఒక ఉల్కాశిలను చూసింది. ఇవీ అలాంటివేనని ఆమె నమ్మకం. చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. ఆమె మాత్రం కాలేజీలకు ఏళ్ల తరబడి ఉత్తరాలు రాస్తూనే ఉంది. చివరికి 1890లో వాష్‌బర్న్ కాలేజీ నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చి చూసి, కొన్నింటిని కొనుక్కెళ్లాడు. అవి 'పాలసైట్' అనే అరుదైన రకం, ఇనుములో ఆలివిన్ అనే ఖనిజపు స్ఫటికాలు పొదిగినట్టు ఉండే రాళ్లు. బడిలో ఒక్కసారి చూసిన రాయి ఇంత పని చేసింది.

అదే రాష్ట్రంలో జీవశాస్త్రం పాఠాలు చెప్పే హార్వీ నినింగర్ 1923లో ఒక అగ్నిగోళాన్ని చూశాడు. అప్పట్నుంచి అతనిది ఒకటే పని: బళ్లకు, రైతు సభలకు వెళ్లి ఉల్కాశిలలంటే ఏమిటో చెప్పడం, నమూనా చేతికిచ్చి చూపించడం, ఇలాంటివి దొరికితే డబ్బిచ్చి కొంటానని ప్రకటించడం. కాన్సాస్ గోధుమ పొలాల్లో సహజంగా రాళ్లు తక్కువ. నాగలికి రాయి తగిలిందంటే రైతు దాన్ని గుర్తుపెట్టుకుంటాడు, గట్టు మీద పడేస్తాడు, తలుపుకు అడ్డం పెట్టుకుంటాడు. నినింగర్ ఉపన్యాసం విన్నాక ఆ రాయి అతని దగ్గరికి నడిచొచ్చేది. అప్పటి శాస్త్రవేత్తలు చాలామంది ఉల్కాశిలలు ఎంతో అరుదని, వెతికినా దొరకవని అనుకునేవారు. వెతికేవాళ్లను పెంచితే దొరికేవీ పెరుగుతాయని నినింగర్ చేసి చూపించాడు.

1946లో అరిజోనాలో రూట్ 66 రోడ్డు పక్కన, ప్రసిద్ధ ఉల్కాబిలం 'మీటియర్ క్రేటర్'కు దగ్గర్లో, అతను సొంతంగా మ్యూజియం పెట్టాడు. టికెట్ డబ్బులే పరిశోధనకు ఆధారం. 1953లో దాన్ని సెడోనాకు మార్చాడు. 1958లో సేకరణలో కొంత భాగాన్ని బ్రిటిష్ మ్యూజియంకు, 1960లో మిగిలిన దాన్ని అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి అమ్మాడు. ఆ మరుసటి ఏడు, 1961లో, టెంపే క్యాంపస్‌లో ఉల్కాశిలల అధ్యయన కేంద్రం మొదలైంది. కార్లటన్ మూర్ 2003 వరకు దానికి డైరెక్టర్‌గా ఉన్నారు. ఆ తర్వాతి దశలో చండీగఢ్‌లో చదువుకున్న మీనాక్షి వాధ్వా చాలా ఏళ్లు నడిపారు. ఇప్పుడది 'బ్యూసెక్ సెంటర్ ఫర్ మీటియరైట్ స్టడీస్' పేరుతో ఉంది. యూనివర్సిటీల చేతిలో ఉన్న ఉల్కాశిలల సేకరణల్లో అతి పెద్దదిగా దీన్ని చెబుతారు. 40 వేలకు పైగా నమూనాలు, 2 వేలకు పైగా వేర్వేరు ఉల్కాశిలలకు చెందినవి అక్కడున్నాయి.

అంటే ఆ కేంద్రానికి పునాది పడింది రోడ్డు పక్క మ్యూజియంలో, రైతు సభల్లో. ముందు ప్రచారం, తర్వాత సేకరణ, ఆఖర్న ల్యాబ్. మామూలుగా అనుకునే వరుసకు ఇది పూర్తిగా తిరగబడి ఉంది.

ల్యాబ్‌లో రాయికి ఏం జరుగుతుంది

దొరికిన రాయి ఉల్కాశిల అనిపిస్తే చాలదు. దానికి అధికారికంగా పేరు రావాలంటే అంతర్జాతీయ మీటియరిటికల్ సొసైటీ నామకరణ కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ ముందుకు వెళ్లేలోపు ల్యాబ్ పని చాలా ఉంటుంది.

ముందుగా వజ్రపు రంపంతో చిన్న ముక్క కోస్తారు. దాన్ని గాజు పలక మీద అతికించి, 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేవరకు అరగదీస్తారు. ఆ మందంలో రాయి గుండా వెలుతురు పోతుంది. పోలరైజ్డ్ కాంతిలో మైక్రోస్కోప్ కింద పెడితే బయటికి బొగ్గు ముక్కలా కనిపించిన రాయిలో నీలం, నారింజ, గులాబీ రంగుల గుళికలు కిక్కిరిసి కనిపిస్తాయి. తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ అనే యంత్రంతో ఒక్కో ఖనిజ కణంలో ఏ మూలకం ఎంతుందో కొలుస్తారు. ఆలివిన్ అనే ఖనిజంలో ఇనుము పాలు సుమారు 16 నుంచి 20 శాతం మధ్య ఉంటే 'హెచ్' వర్గం, 22 నుంచి 26 మధ్య ఉంటే 'ఎల్' వర్గం, అంతకు మించితే 'ఎల్ఎల్'. మెక్‌డొనా రాయి 'ఎల్' వర్గానికి చెందింది. గుళికల అంచులు ఎంత చెదిరిపోయాయో చూసి, మాతృ గ్రహశకలంలో ఆ రాయి ఎంత వేడికి గురైందో అంచనా వేస్తారు.

ఇనుప ఉల్కాశిల అయితే దారి వేరు. కోసి, నునుపు చేసి, పలచటి నైట్రిక్ ఆమ్లం పూస్తే, నికెల్ ఎక్కువున్న పొరలూ తక్కువున్న పొరలూ ఒకదాన్నొకటి కోసుకుంటూ అల్లిన గీతల్లా బయటపడతాయి. వీటిని విడ్మన్‌స్టేటన్ నమూనాలంటారు. కరిగిన లోహం లక్షల ఏళ్ల పాటు అతి నెమ్మదిగా చల్లబడితేనే అవి ఏర్పడతాయి. కొలిమిలో ఆ నిదానం సాధ్యం కాదు కాబట్టి నకిలీ చేయడం కుదరదు. గ్యాలరీల్లో సందర్శకులు ఎక్కువసేపు నిలబడేది కూడా ఈ పలకల ముందే. ముట్టుకోనిచ్చేది కూడా సాధారణంగా ఇనుప రాయినే. కర్బనం ఎక్కువున్న రాళ్లకు వేలి చెమట కూడా కల్తీయే, వాటిని గాలి తగలకుండా నైట్రోజన్ నింపిన పెట్టెల్లో దాస్తారు.

ఇక్కడే ఒక కీలకమైన నిబంధన ఉంది. పేరు కావాలంటే రాయి మొత్తం బరువులో 20 శాతమో, 20 గ్రాములో, రెండింటిలో ఏది తక్కువైతే అంత గుర్తింపు పొందిన ఒక సంస్థలో శాశ్వతంగా జమ చేయాలి. వ్యాపారికి పేరు కావాలి, పేరుంటేనే రాయికి ధర. యూనివర్సిటీకి నమూనా కావాలి, కొనేందుకు డబ్బుండదు. కాబట్టి యూనివర్సిటీ వర్గీకరణ చేసి పెడుతుంది, బదులుగా ముక్క దాని సేకరణలో చేరుతుంది. సహారా ఎడారిలో సంచార పశుపాలకులు ఏరిన రాయి మొరాకో బజారు మీదుగా అమెరికన్ ల్యాబ్‌కు వచ్చే దారి ఇదే. ఏటా ఫిబ్రవరి ప్రాంతంలో అరిజోనాలోని ట్యూసాన్ నగరంలో జరిగే రత్నాలు, ఖనిజాల సంతలో ఈ లావాదేవీలు బాహాటంగానే సాగుతాయి. శాస్త్రం, వ్యాపారం ఇంత దగ్గరగా కూర్చునే రంగాలు తక్కువ.

వానకు ముందు దొరికితే

రాయి దొరకడం ఎంత ముఖ్యమో, త్వరగా దొరకడం అంతే ముఖ్యం. అంతరిక్షంలో కాస్మిక్ కిరణాలు తగిలి ఉల్కలో కొన్ని రేడియోధార్మిక పరమాణువులు పుడుతుంటాయి. వాటిలో స్కాండియం-46 మూడు నెలల లోపే సగానికి తగ్గిపోతుంది. అంతకంటే పెద్ద శత్రువు వాన. ఒక్క జల్లు పడితే చాలు, నీటిలో కరిగే లవణాలు, సేంద్రియ పదార్థాలు కొట్టుకుపోతాయి, మట్టిలోని సూక్ష్మజీవులు లోపలికి చేరతాయి.

2019 ఏప్రిల్ 23 రాత్రి కోస్టారికాలోని ఆగ్వాస్ సార్కాస్ ప్రాంతంలో కర్బనం దండిగా ఉన్న రాళ్లు పడ్డాయి. మొత్తం సుమారు 27 కిలోలు దొరికాయి. అందులో కొంత భాగాన్ని వాన పడకముందే గ్రామస్థులు ఏరిపెట్టారు. పరిశోధకులు ఎక్కువగా ఎగబడింది ఆ పొడి ముక్కల కోసమే. అరిజోనా కేంద్రం కూడా వాటిపై పనిచేసింది. ఒక రాయి కుక్కగూడు రేకును తొలుచుకుని లోపల పడింది, కుక్కకు ఏమీ కాలేదు. 2022లో రెండింటినీ వేలం వేస్తే రాయికి 21,420 డాలర్లు, చిల్లు పడిన గూడుకు 44,100 డాలర్లు వచ్చాయి. మార్కెట్ లెక్క శాస్త్రం లెక్కతో కలవదని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ దొరకదు.

ఇలాంటి రాళ్ల విలువ 1969 సెప్టెంబరు 28న ఆస్ట్రేలియాలోని మర్చిసన్‌లో పడిన ఉల్కాశిలతో తెలిసొచ్చింది. అపోలో 11 తెచ్చిన చంద్రశిలల్లో కర్బనం కొలిచేందుకు అప్పటికే సిద్ధమైన ల్యాబ్‌లకు అది సరిగ్గా సమయానికి దొరికింది. అరిజోనా బృందం వాటిలో ఒకటి. మర్చిసన్ రాయిలో అమైనో ఆమ్లాలు బయటపడ్డాయి. వాటిలో చాలావరకు భూమ్మీది జీవంలో కనిపించని రకాలు కావడంతో, మట్టి నుంచి అంటుకున్నవన్న అనుమానానికి చోటు తగ్గింది. 1997లో అదే యూనివర్సిటీకి చెందిన జాన్ క్రోనిన్, సాండ్రా పిజరెల్లో ఇంకో అడుగు వేశారు. అమైనో ఆమ్లాలు అద్దంలో ప్రతిబింబాల్లా ఎడమ, కుడి రూపాల్లో ఉంటాయి. భూమ్మీది ప్రాణులు దాదాపుగా ఎడమ రూపాన్నే వాడతాయి. మర్చిసన్ రాయిలోని కొన్ని అమైనో ఆమ్లాల్లో కూడా ఎడమ రూపం కాస్త ఎక్కువగా ఉందని వారు చూపించారు. జీవం ఎడమ వైపు మొగ్గడానికి మూలం అంతరిక్షంలోనే ఉందా అన్న చర్చ అక్కడ ఊపందుకుంది.

ఆ చర్చ ఇప్పుడు మళ్లీ మొదటికొచ్చింది. 2023 సెప్టెంబరులో నాసా నౌక ఒసైరిస్-రెక్స్ బెన్ను అనే గ్రహశకలం నుంచి 121.6 గ్రాముల ధూళి, రాళ్లు తెచ్చింది. వాటి విశ్లేషణ 2025 జనవరిలో వెలువడింది. జీవులు ప్రోటీన్లకు వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14 అందులో ఉన్నాయి, కానీ ఎడమ, కుడి రూపాలు ఇంచుమించు సమానంగా ఉన్నాయి. అంటే ఉల్కాశిలల్లో కనిపించిన ఎడమ మొగ్గును మళ్లీ పరీక్షించాల్సిందే. బెన్ను నమూనా ఎంత శుభ్రమైనదో అంత ఖరీదైనది, ఆ యాత్రకు వంద కోట్ల డాలర్లకు పైగా అయింది. ఉల్కాశిల కిలోల లెక్కన ఉచితంగా వచ్చి పడుతుంది, కానీ భూమిని తాకిన క్షణం నుంచీ కల్తీ మొదలవుతుంది. ఒకదానితో ఒకటి సరిచూసుకోవాలి కాబట్టి రెండూ అవసరమే. అందుకే గ్రహశకల యాత్రలు పెరిగేకొద్దీ పాత సేకరణల అవసరం తగ్గుతుందన్న అంచనా నిలిచేలా లేదు.

వందలో ఒక్కటి కూడా కాదు

జనంలోకి వెళ్లినందుకు చెల్లించాల్సిన మూల్యం కూడా ఉంది. ప్రదర్శన చూసిన ప్రతివారికీ పెరట్లో నల్ల రాయి ఉల్కాశిలలాగే కనిపిస్తుంది. యూనివర్సిటీలకు పోస్టులో, ఈమెయిల్లో, నేరుగా చేతిలో పట్టుకుని వచ్చే రాళ్లలో వందకు ఒకటి కూడా అసలుది ఉండదన్నది ఈ పని చేసిన ల్యాబ్‌లన్నీ చెప్పే మాట. ఎక్కువగా వచ్చేవి మాగ్నటైట్, హెమటైట్ లాంటి ఇనుప ఖనిజాలు, నల్లటి బసాల్ట్, లోహం కరిగించిన కొలిముల వ్యర్థం. ఒక్కో రాయికి జవాబివ్వడానికి పట్టే సమయం పరిశోధన సమయం నుంచే పోతుంది. ఇంకో తలనొప్పి ఏమిటంటే, 'ఇది కాదు' అని చెబితే చాలామంది ఒప్పుకోరు. ధర తగ్గించి కొట్టేయడానికే అలా అంటున్నారని అనుమానిస్తారు. అందుకే అమెరికాలో చాలా సంస్థలు అడగకుండా పంపే రాళ్లను తీసుకోవడం మానేశాయి. బదులుగా ఫొటోలతో స్వయంగా సరిచూసుకునే సూచనలు పెట్టాయి.

ఆ సూచనల్లో కొన్ని తేలికైనవే. తాజాగా పడిన రాయికి పలచటి నల్లటి పెంకు ఉంటుంది. సైజుకు తగ్గ బరువు కంటే ఎక్కువ బరువుంటుంది. లోపల గాలి బుడగల చిల్లులు దాదాపుగా ఉండవు. పింగాణీ పలక గరుకు వైపు గీస్తే హెమటైట్ ఎర్రటి చార వదులుతుంది, మాగ్నటైట్ నల్లటి చార వదులుతుంది, ఉల్కాశిల సాధారణంగా చార వదలదు.

అయితే దశాబ్దాలుగా అందరూ చెప్పిన మొదటి సూచన అయస్కాంతం పెట్టి చూడమని. చాలా ఉల్కాశిలల్లో ఇనుము ఉంటుంది కాబట్టి అది పనిచేస్తుంది. ఆ పరీక్షే నష్టం చేస్తోందని ఇటీవల తేలింది. అంగారకుడి నుంచి వచ్చిన 'బ్లాక్ బ్యూటీ' అనే రాయిలో ఆ గ్రహపు పురాతన అయస్కాంత క్షేత్రం ఆనవాళ్లు ఉంటాయని పరిశోధకులు ఆశించారు. 2023లో వచ్చిన అధ్యయనం ప్రకారం, చేతులు మారిన ప్రతిచోటా ఎవరో ఒకరు శక్తిమంతమైన అయస్కాంతం తాకించడంతో ఆ ఆనవాళ్లు చెరిగిపోయాయి. బలమైన అయస్కాంతం దగ్గరికొస్తే రాయిలోని ఖనిజాలు ఆ కొత్త దిశలో తిరిగిపోతాయి, కోట్ల ఏళ్ల నాటి దిశ మళ్లీ రాదు. జనానికి ఇచ్చిన సలహా ల్యాబ్ చదవాల్సిన రాతను తుడిచేసింది. ప్రచారంలో ఏం చెప్పాలన్నది కూడా పరిశోధనలో భాగమేనని ఒప్పుకోవడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

రాయి ఎవరిది?

అమెరికాలో ప్రైవేటు భూమిలో పడిన ఉల్కాశిల భూయజమానిదే. ఓరెగన్‌లో దొరికిన భారీ విల్లమెట్ ఉల్కాశిల విషయంలో 1905లో వచ్చిన కోర్టు తీర్పు దీనికి దారి చూపింది. ఆదివాసీ తెగల రిజర్వేషన్ భూమిలో పడితే పరిస్థితి ఇంకొంచెం సున్నితం.

2016 జూన్ 2 తెల్లవారుజామున అరిజోనాలో వైట్ మౌంటెన్ అపాచీ తెగ భూమి మీద ఒక అగ్నిగోళం పేలింది. ఆకాశ కెమెరాలు దాని దారిని పట్టాయి. రాలుతున్న ముక్కలు వాతావరణ శాఖ డాప్లర్ రాడార్‌లో కనిపించాయి. ఎక్కడ వెతకాలో తెలిసింది కానీ ఆ భూమిలోకి బయటివారు అడుగు పెట్టాలంటే తెగ అనుమతి తప్పనిసరి. అరిజోనా కేంద్రం ముందు తెగ పెద్దలతో మాట్లాడింది, అనుమతి తీసుకున్నాకే బృందం వెళ్లింది. 15 ముక్కలు దొరికాయి. ఒప్పందం ప్రకారం వాటి యాజమాన్యం తెగదే, భద్రపరిచి పరిశోధించే బాధ్యత యూనివర్సిటీది. సిబెక్యూ అనే ఊరికి అపాచీ భాషలో ఉన్న పేరే 'డిష్‌చీబికో' ఉల్కాశిలగా అధికారిక జాబితాలో చేరింది. 'ఎల్ఎల్7' (ఇందులో 7 రాయి ఎంత వేడికి గురైందో చెప్పే అంకె) అనే చాలా అరుదైన వర్గం కావడంతో శాస్త్రపరంగా కూడా అది విలువైనదే. రాయిని కొనడం, అడక్కుండా తీసుకెళ్లడం కాక మూడో దారి కూడా ఉందని ఇది చూపించింది.

దానికి పూర్తి విరుద్ధం 2025 జులైలో న్యూయార్క్‌లో జరిగిన వేలం. నైజర్ దేశపు ఎడారిలో దొరికిన 24 కిలోలకు పైబడిన అంగారక శిల సుమారు 53 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అది దేశం ఎలా దాటిందో తేల్చడానికి నైజర్ ప్రభుత్వం విచారణ ప్రకటించింది. ధరలు ఈ స్థాయికి వెళ్లినప్పుడు, దొరికిన రాయిని యూనివర్సిటీకి చూపించాలన్న ఆలోచన కంటే వ్యాపారికి చూపించాలన్న ఆలోచన ముందొస్తుంది. పరిశోధన కేంద్రాలకు రాబోయే కాలంలో అసలైన పోటీ ఇదే కావచ్చు.

భారత్‌లో, తెలుగు నేల మీద

భారత్‌లో పడిన, దొరికిన ఉల్కాశిలల సంరక్షణ బాధ్యత భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థది, అంటే జీఎస్ఐది. జాతీయ సేకరణ కోల్‌కతాలో ఉంది. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ ప్రయోగ పరిశోధనలో ముందుంది. అంటే ఇక్కడ బరువంతా ప్రభుత్వ సంస్థల మీదే. అరిజోనాలో మాదిరిగా సేకరణ, ల్యాబ్, గ్యాలరీ ఒకే యూనివర్సిటీ గొడుగు కింద నడిచే పద్ధతి మన దగ్గర బలపడలేదు.

దీనిలో లాభం ఉంది, లోటూ ఉంది. రాయి చట్టబద్ధంగా ప్రభుత్వానికి చేరితే విదేశీ వేలాల్లోకి జారిపోయే ప్రమాదం తక్కువ. లోటు ఏమిటంటే, దొరికినవారికి ముందుగా ఎదురయ్యేది శాస్త్రవేత్త కాదు, పోలీసో తహసీల్దారో. అప్పగిస్తే ఏమొస్తుందో స్పష్టత లేనప్పుడు కొందరు అసలు చెప్పరు. అయినా జనం సహకరించిన సందర్భాలు తక్కువేమీ కావు. 2022 ఆగస్టు 17న గుజరాత్‌లోని దియోదర్ ప్రాంతంలో ఒక ముక్క వేపచెట్టును తాకి పడింది, ఇంకొకటి ఒక ఇంటి వరండా టైలు పగలగొట్టింది. గ్రామస్థులు దాచిపెట్టిన ముక్కలు అహ్మదాబాద్ ల్యాబ్‌కు చేరడంతో అది 'ఆబ్రైట్' అనే అరుదైన రకమని తేలింది. భారత్‌లో అంతకు ముందు అలాంటిది పడింది 1852లో, ఉత్తరప్రదేశ్‌లోని బస్తీలో.

సరిగ్గా ఆ 1852లోనే, జనవరి 23న, నెల్లూరు జిల్లాలో కూడా ఒక ఉల్కాశిల పడింది. 'యటూర్' పేరుతో అంతర్జాతీయ జాబితాలో నమోదైన ఆ రాయి 'హెచ్' వర్గపు కాండ్రైట్. కాన్సాస్‌లో నాగలికి రాయి తగలడానికి చాలా ముందే మన నేల మీద పడిన రాయి ఒకటి ప్రపంచ రికార్డుల్లో ఉందన్న సంగతి నెల్లూరు బడి పిల్లల్లో ఎంతమందికి తెలిసి ఉంటుందన్నది ఆలోచించాల్సిన విషయమే.

తెలుగు రాష్ట్రాల్లో పొరబడే అవకాశాలూ ఎక్కువే. తెలంగాణలో నిర్మల్, నిజామాబాద్ వైపు ఒకప్పుడు ప్రపంచానికి ఉక్కు పంపిన ఊళ్లున్నాయి. కోనసముద్రం వాటిలో పేరున్నది. ఆ కొలిముల నుంచి మిగిలిన చిట్టెపు రాళ్లు ఇప్పటికీ చెలకల్లో, ఊరి దిబ్బల మీద కనిపిస్తాయి. నల్లగా, బరువుగా, కరిగి గట్టిపడిన రూపంతో, అయస్కాంతానికి కూడా అంతో ఇంతో అంటుకుంటూ ఉల్కాశిల అనిపించే లక్షణాలన్నీ వాటికుంటాయి. పట్టించేవి లోపలి బుడగలే. బయ్యారం లాంటి చోట్ల ఇనుప ఖనిజం సంగతి సరేసరి. మరోవైపు ఆకాశం నుంచి పడేదంతా రాయి కూడా కాదు. 2022 ఏప్రిల్ 2 రాత్రి తెలంగాణకు ఆనుకుని ఉన్న చంద్రాపూర్ జిల్లా సిందేవాహిలో పడిన పెద్ద లోహపు రింగు రాకెట్ శకలం. ఆ సాయంత్రం ఆకాశంలో చారల్ని చూసినవాళ్లు ఉల్కాపాతమనే అనుకున్నారు.

ఇలాంటి అయోమయాన్ని సొమ్ము చేసుకునేవాళ్లు కూడా ఉన్నారు. పిడుగు పడిన రాగి చెంబుకు అతీత శక్తులున్నాయని, బియ్యాన్ని లాగుతుందని చెప్పి లక్షలు గుంజే 'రైస్ పుల్లర్' మోసాలు రెండు రాష్ట్రాల పోలీసులకూ పాతవే. ఆకాశం నుంచి పడ్డ రాయికి కూడా అదే కథ అతికించడం మోసగాళ్లకు కష్టమేం కాదు. జనం నమ్మి అడగగలిగే చోటు దగ్గర్లో ఉంటే ఆ పప్పులు ఉడకవు.

అలాంటి చోటు కాగలిగే వనరులు లేకపోలేదు. జీఎస్ఐ దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలోనే ఉంది. బిర్లా సైన్స్ సెంటర్ ప్లానెటోరియంకు దశాబ్దాలుగా పిల్లలు వస్తూనే ఉన్నారు. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీల్లో భూగర్భశాస్త్రం బోధిస్తున్నారు. వీటి మధ్య వంతెన మాత్రం సన్నగా ఉంది. ముట్టుకుని చూడగలిగే ఒక అసలు ఇనుప ఉల్కాశిల, పక్కనే ఒక చిట్టెపు రాయి, తేడా చెప్పే ఒక మనిషి ఒకచోట చేరడానికి భారీ బడ్జెట్ అక్కర్లేదు. అరిజోనా స్థాయి మైక్రోప్రోబ్‌లు అందరికీ సాధ్యం కాకపోవచ్చు, నినింగర్ స్థాయి ప్రచారం మాత్రం ఏ డిగ్రీ కాలేజీకైనా సాధ్యమే.

అప్పటిదాకా అగ్నిగోళం చూసిన తర్వాత అనుమానాస్పద రాయి దొరికినవారు పాటించగలిగినవి కొన్నే. కదిపే ముందు పడినచోట ఫొటో తీయాలి, పక్కన నాణెమో స్కేలో పెట్టి సైజు తెలిసేలా. ఫోన్ మ్యాప్‌లో ఆ స్థలాన్ని గుర్తు పెట్టుకోవాలి. రాయిని ఒట్టి చేత్తో కాకుండా శుభ్రమైన అల్యూమినియం ఫాయిల్‌తో పట్టుకుని, అందులోనే చుట్టాలి. కడగకూడదు, పగలగొట్టకూడదు, అయస్కాంతం తాకించకూడదు, పసుపు కుంకుమలు పెట్టకూడదు. జీఎస్ఐకి చేరేలా రెవెన్యూ అధికారులకు తెలియజేసి, అప్పగించినట్టు రాతపూర్వకంగా రసీదు తీసుకోవాలి.